మూడో అంతస్తు సాక్ష్యం

1, సోమవారం.
మూడేళ్ళయింది. నేను మర్చిపోలేదు. దేవుడు చేసిన మేలు నిలబడి చెప్పుకునే సాక్ష్యాల ఆదివారం నాడు, సంఘమంతా వింటుండగా పాస్టరు నన్ను అడిగాడు: "తాతగారూ, ఇది ఏటా చెప్పేదే కదా. ఈ ఏడు దేవుడు మీకేం చేశాడు?" జనం నవ్వారు. నేను మేస్త్రిని. మూడో అంతస్తులో పరంజా విరిగితే దేవుడే నన్ను గాలిలో పట్టి నిలబెట్టాడు. అది పాతబడుతుందా? అప్పటినుంచి సాక్ష్యాలప్పుడు నోరు విప్పలేదు. 14న మళ్ళీ సాక్ష్యాలు. కొత్తది చెప్పి ఆయన నోరు మూయిస్తాను.
తీర్మానం: అయిదింటికి లేవడం. మోకాళ్ళ మీద అరగంట ప్రార్థన. రోజుకో బైబిలు అధ్యాయం, వేలు పెట్టి చదవడం. ఎవరినీ తిట్టకపోవడం (మా ఆవిడతో సహా).

2, మంగళ.
5.00. అరగంట పూర్తి. గడియారం చూస్తూ చేశాను కాబట్టి గట్టిగా చెప్పగలను. దేవుడు ఇంకా ఏమీ చేయలేదు. మొదటిరోజే కదా.

3, బుధ.
5.20. మోకాళ్ళ కింద దిండు. దిండు తనదని మా ఆవిడ అడిగింది. తిట్టలేదు. గొంతు పెంచాను, అంతే.

5, శుక్ర.
6.10. అధ్యాయమంతా పేర్లే. వీడు వాడిని కన్నాడు, వాడు ఇంకొకడిని కన్నాడు. కూడబలుక్కుని చదివేసరికి టీ చల్లారింది. సగంలో వదిలేశాను.

7, ఆది.
ప్రార్థన మంచం మీదే, పడుకుని. చర్చిలో పాస్టరు సాక్ష్యం చెప్పేవాళ్ళ జాబితా రాస్తుంటే నన్నూ రాయమన్నాను. కొత్తదేనా అన్నాడు. కొత్తదే అన్నాను. ఇంకా జరగలేదు గానీ, వారం ఉంది.

8, సోమ.
7.30. ఏదైనా జరుగుతుందేమోనని మెట్లు గోడ పట్టుకోకుండా దిగాను. ఏమీ జరగలేదు. మా ఆవిడ చూసి తిట్టింది. నేనూ తిట్టాను.

9, మంగళ.
ప్రార్థన లేదు. మోకాలు వాచింది. నేను వదిలేసిన పేర్ల అధ్యాయం మా ఆవిడ పైకి చదివి పెట్టింది. చదివి, "ఇంతమందిని దేవుడు పేరుపేరునా రాయించాడు. మీ సాక్ష్యంలో మీరూ, దేవుడూ తప్ప ఎవరూ లేరు. పొడుగు మేస్త్రి ఏడండీ?" అంది.
పరంజా విరిగిన రోజు నా చొక్కా కాలరు పట్టి పైకి లాగింది వాడే. వాడి కుడి భుజం కీలు తప్పింది. మళ్ళీ తాపీ పట్టలేదు. మనిషి చెయ్యి చెబితే దేవుడి మహిమ తగ్గుతుందని వదిలేశానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అదేం కాదు. ఇంకో మేస్త్రి కాలరు పట్టి లాగాడని చెప్పుకోవడం నాకు నామోషీ.

10, బుధ.
అయిదింటికే మెలకువ. ప్రార్థన చేయకుండా వాడింటికి వెళ్ళాను. రెండు వీధుల అవతలే. ఎడమ చేత్తో గడ్డం గీసుకుంటున్నాడు.
"ఏరా, దేవుడు నిన్ను గాలిలో పట్టుకున్నాడటగా. అప్పుడు నా చెయ్యి ఏం చేస్తోందిరా?"
"నన్ను పట్టుకుంది" అన్నాను.
"ఇక్కడ చెబితే ఎవడు వింటాడు, ఈ గోడలా?"
బ్లేడు నా చేతికిచ్చాడు. మిగతా సగం గడ్డం నేను గీశాను. ఎక్కడా తెగలేదు. ఆదివారం రమ్మన్నాను. వస్తాననలేదు. తెల్ల చొక్కా ఎక్కడుందని కోడల్ని అడిగాడు.

11, గురు.
రేపటినుంచి మళ్ళీ అయిదింటికి. దిండుతోనే. పేర్ల అధ్యాయం మొదటినుంచి, నేనే చదవాలి.
పాస్టరు తలుపు సందులో చీటీ పెట్టి వచ్చాను. రెండు కాగితాలు పాడయ్యాక మూడోది:
"పరంజా పాతదే. పడడమూ పాతదే. పట్టుకున్న చెయ్యి సంగతి ఇంతవరకు నేను ఎవరికీ చెప్పలేదు. ఇది పాత సాక్ష్యమా, కొత్తదా? శనివారం సాయంత్రం ఆరింటిలోపు నాకు జవాబు కావాలి."