ఎడ్వర్డ్ రాజుకి వీసా ఎవరిచ్చారు?

బాబాయ్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మాంట్రియల్‌లో ఉన్న నీ ఇంగ్లండు రాజు ఏడో ఎడ్వర్డ్ విగ్రహం దగ్గరికి వెళ్లాను. నెత్తిమీద పావురం కూర్చుని ఉంది.

తోడొచ్చిన రూమ్మేట్ సందీప్ "ఎవర్రా ఈయన?" అన్నాడు. నువ్వు కాలేజీలో ముప్ఫై ఏళ్లు చెప్పిన పాఠమే చెప్పాను. ఈ రాజు పారిస్ వెళితే జనం మొదట ఎగతాళి చేశారు, తిరిగి వెళ్లేనాటికి జేజేలు కొట్టారు. మరుసటి ఏడాదే ఇంగ్లండు, ఫ్రాన్సు రాజీపడి, ఈజిప్టు మీకు, మొరాకో మాకు అనుకున్నాయి. ఆ దేశాల వాళ్లని ఎవరూ అడగలేదు. ఈయనకి మాత్రం శాంతిదూత అని పేరొచ్చింది.

"అన్ని దేశాలు తిరగడానికి వీసా ఎవరిచ్చార్రా?" అని సందీప్ నవ్వాడు. పాస్‌పోర్టే లేదన్నాను. అవి రాజు పేరు మీదే ఇస్తారు గనక ఆయనకి అక్కర్లేదని నువ్వే చెప్పావుగా.

నీకు పాస్‌పోర్టు ఉంది. "విజిటర్ వీసాకి మీవాడి కాన్వకేషన్ అని రాద్దాం సార్" అని కన్సల్టెన్సీ అమ్మాయి బతిమాలింది. "అబద్ధం ఎందుకమ్మా, రాజుగారి విగ్రహం చూడ్డానికే వెళ్తున్నా" అని అదే రాయించావు. కారణం నమ్మదగ్గట్టు లేదని రిజెక్ట్ చేశారు. ఆ ఏడాది ఇక్కడి కాలేజీకి ఫీజు కట్టి చదువుకోడానికొస్తామన్న మమ్మల్నందర్నీ మాత్రం నమ్మారు. క్లాసులో కుర్చీలు చాలక గోడకానుకుని పాఠాలు విన్నాం.

ఆ తర్వాత నువ్వు రాజు ఊసే ఎత్తలేదని పిన్ని చెప్పింది.

విగ్రహం దగ్గర టికెట్ లేదు బాబాయ్, కాపలా లేదు. ఎందుకొచ్చావని నన్నెవరూ అడగలేదు.