పోలయ్య రంగుల ఫోటో

అన్నా,

ఎలా ఉన్నావు? నువ్వు వెళ్ళిపోయి రెండేళ్ళు దాటింది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వు లేవన్న మాట ఒక్కటి పక్కన పెడితే...

నీ రంగుల ఫోటోల సంగతి చెప్పాలి. బర్మా యుద్ధం నుంచి నువ్వు మోసుకొచ్చిన ఆస్తి అదే కదా! పట్టాళంలో ఫోటోలు తీసే దొరకు కెమెరా మోసినందుకు, ఆయన ఇచ్చిన రంగుల ఫిల్ముతో ఆ కెమెరాలోనే నువ్వు తీసినవి. అట్ట చట్రంలో బొటనవేలంత ముక్కలు, వెలుగుకు ఎత్తి పట్టుకుంటే తప్ప ఏమీ కనిపించవు. నేను ముట్టుకోబోతే చాలు, "మేయ్, దాని మీద వేలు పెట్టబాక, బొమ్మ పోతాది" అని కసిరేవాడివి. వదిననైనా అంత అపురూపంగా చూశావా?

సముద్రపు గాలికి వాటికి బూజు పడుతోంది. నువ్వు చేసినట్టే చెమ్మ పీల్చుకునేందుకు వేయించిన బియ్యం మూటగట్టి డబ్బాలో వేస్తున్నాను. అయినా కొన్నిటి అంచులు తెల్లబడ్డాయి. అందుకే నెల్లూరు స్టూడియోలో ఇచ్చి, మద్రాసులో కాపీలు తీయిద్దామనుకున్నాను.

వాటిలో పోలయ్య ఉన్నాడు. నీతో పాటే పట్టాళంలో చేరిన జువ్వలదిన్నె పోలయ్య. యుద్ధంలో కనిపించకుండా పోయాడన్న కబురు తప్ప మరేదీ రాలేదు. వాళ్ళమ్మ కోటమ్మ ఇన్నేళ్ళూ ఎదురుచూస్తూనే ఉంది. "ఆయమ్మ మొగం నేను చూళ్ళేను మే" అని నువ్వు అటువైపే పోలేదు. చివరికి నేనే వెళ్ళాను. స్టూడియోలో ఇచ్చే ముందు ఆ తల్లి ఒక్కసారి చూసుకోవాలనిపించింది.

గుడిసె బయట ఎండకు ఎత్తి చూపించాను. ఆమె ముందు గుర్తుపట్టింది మొహాన్ని కాదన్నా, మెడలోని ఎర్రంచు తువ్వాలుని. తనే కొనిచ్చి పంపిందట. నలుపు తెలుపు ఫోటో అయితే ఆ ఎరుపు తెలిసేదా? చాలాసేపు నవ్వుకుంటూ చూసింది. ఈ ఫోటో తీసినాయన ఎక్కడున్నాడని అడిగింది. పోయినాడమ్మా అన్నాను.

"నా బిడ్డ సంగతి చెప్పే ఆయన కూడా పోయినాడా" అంది కోటమ్మ. లోపలికి వెళ్ళి తడి కుంకుమ తెచ్చి, పోయినవాళ్ళ పటానికి పెట్టినట్టు ఫిల్ము మీద బొట్టు పెట్టేసింది. గోడకు తగిలించే పటమైతే బొట్టు నుదుటి మీదే ఆగేది. అంత చిన్న ముక్క మీద మొహమంతా కమ్మేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది... కానీ అప్పటికే ఆమె ఏడుస్తోంది. కొడుకు కోసం ఆమె కంట తడి పెట్టగా ఇన్నేళ్ళలో ఎవరూ చూడలేదని ఇరుగుపొరుగు చెప్పారు.

నెల్లూరు స్టూడియో ఆయన, జాగ్రత్తగా కడిగితే కుంకుమ పోయి మొహం బయటపడుతుందన్నాడు. ఇటివ్వమని చెయ్యి చాచాడు. నేను ఇవ్వలేదు.

కొడుకు లేడని ఆమె ఒప్పుకున్నది ఆ బొట్టుతోనే కదన్నా? పోలయ్యకు శవం లేదు, దినం లేదు, పిండం లేదు. జరిగిందల్లా అదొక్కటే. దాన్ని నేనెలా కడిగించను?

మిగతావన్నీ మద్రాసు వెళ్ళాయి. ఇది మాత్రం కుంకుమతోనే ఉంటుంది. నన్ను తిట్టుకుంటే తిట్టుకో.

నీ చెల్లెలు,
రమణమ్మ