ఫ్లెచర్ అంకుల్ ఇంటిపేరు

కోవెంట్రీ, 12 నవంబర్ 2016, శనివారం

ఇంటి ఓనర్ ఫ్లెచర్ అంకుల్‌కి డీఎన్ఏ ఫలితాలు వచ్చాయి. పూర్వం బాణాలు చేసేవాళ్ళకి ఆ ఇంటిపేరు వచ్చిందట. ఆ మాట నాకు ఎన్నిసార్లు చెప్పారో! ఒక్కరి పరీక్షతో తేలదు, మీ అన్నయ్యకీ చేయించండి అన్నది నేనే. జెనెటిక్స్ క్లాసులో అబ్బిన అలవాటు.

తండ్రి నుంచి కొడుక్కి వచ్చే గుర్తులు వాళ్ళ అన్నయ్యవి, ఈ పరీక్ష చేయించుకున్న మిగతా ఫ్లెచర్లతో కలిశాయి. ఈయనవి కలవలేదు.

"అంటే ఏంటి, లవ్?" అన్నారు. ఆయన నోట 'లవ్' అంటే మనం 'అమ్మా' అన్నట్టే.

"మీ ఇద్దరి తండ్రి ఒకరు కాదు అంకుల్." పరీక్షలో జవాబులా చెప్పేశాను.

ఆయన టీ ముట్టలేదు. ఫలితాల కాగితం నా వైపు జరిపి, "మా అన్నయ్యకి చూపు లేదు. రేపు నువ్వేగా చదివేది. ఇద్దరివీ కలిశాయని చదువు. వాడికి నేనొక్కడినే తమ్ముణ్ణి," అన్నారు.

మా ఇంట్లో మొదట బడికెళ్ళింది నేను. ఏ కాగితం వచ్చినా నేనే చదివేదాన్ని. "ఉన్నదున్నట్టు చదువమ్మా" అనేవాడు నాన్న. అమ్మ స్కాన్ రిపోర్టు కూడా ఆమె ఎదుటే అలాగే చదివాను. ఆ తర్వాత అమ్మ నన్ను ఏదీ చదవమని అడగలేదు.

రేపు లంచ్‌కి వాళ్ళ అన్నయ్య వస్తున్నారు. సరిగ్గా వినబడాలని ఆయన కుర్చీ నా పక్కనే వేశారు అంకుల్.