వేసిన చోటే ఉండే సూది

మారతహళ్ళి, ఆగస్టు 2006, శుక్రవారం రాత్రి

ఈరోజు నేనే గెలిచాను!

పోయిన నెల చర్మం డాక్టరమ్మ ముడతలు పోయే ఇంజెక్షన్లు రెండు రకాలున్నాయని చెప్పింది. "ఇదైతే కొంచెం పక్కలకు పాకుతుందమ్మా, నుదురంతా కదలకుండా నున్నగా అవుతుంది. రెండోది వేసిన చోటే ఉంటుంది. నా దగ్గరకొచ్చేవాళ్లు ఎక్కువగా మొదటిదే అడుగుతారు" అంది. నేను రెండోదే, అదీ కనుబొమల మధ్య మాత్రమే చాలని పోయిన వారం వేయించుకున్నాను. చెవులు వినపడని పిల్లలకు సైగలతో పాఠాలు చెప్పే టీచర్ని. కనుబొమలు పైకి లేవకపోతే నేను ప్రశ్న అడుగుతున్నానని వాళ్లకెలా తెలుస్తుంది?

ఆయనైతే ఒకటే గొడవ. "నీ మొగానికి ఏం తక్కువైండాదని ఈ సూదులు? పిల్లోళ్ల ముందర బొమ్మ మాదిరి నిలబడతావు, చూడు!"

కనుబొమల మధ్య ఆ రెండు నిలువు గీతల వల్ల నేనెప్పుడూ కోపంగా ఉన్నట్టే కనిపిస్తానని ఆయనకేం తెలుసు? కొత్తగా చేరిన మేరీ భయపడి నా బల్ల దగ్గరికే వచ్చేది కాదు.

ఈరోజు క్లాసులో జామపండు చూపించి, "కావాలా?" అని సైగ చేశాను. కనుబొమలు చక్కగా లేచాయి. వెంటనే పిల్లలందరి చేతులూ లేచాయి. మేరీ అయితే తిన్నగా నా దగ్గరకొచ్చి, నా కనుబొమల మధ్య వేలితో తడిమి, "కోపం పోయింది" అని సైగ చేసింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆయనకు చెబితే, "సరేలేప్పా, ఒప్పుకుంటి" అన్నారు.

ఒక్కటే గుబులు. ఎప్పుడైనా నిజంగానే కోపం వస్తే పిల్లలకు ఎలా తెలుస్తుందో... చేతులున్నాయిగా, చెబుతాను.