పోస్ట్‌మాస్టర్‌గారి గోడ

మార్చి 4

ఇవాళ యుద్ధం మా వంటింట్లోంచి వెళ్ళింది. మాటవరసకి కాదు, నిజంగానే. పొద్దున్నే తుపాకులతో కుర్రాళ్ళు బిలబిలమంటూ మెట్లెక్కి వచ్చారు. వీధిలో నడిస్తే ఎదురు మేడమీంచి కాల్చేస్తారట, అందుకని ఇళ్ళలోంచే వెళ్తారట. పెద్ద సుత్తులతో పొయ్యి పక్క గోడ పగలగొట్టి, పక్కవాటా పోస్ట్‌మాస్టర్‌గారింట్లోకి దూరారు. అక్కణ్ణించి ఆ చివరి వాటాలోకి. ఒకడు వెళ్తూ వెళ్తూ సారీ ఆంటీ అన్నాడు. ఎంత మర్యాదో!

మంచంలోంచి అత్తయ్య, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చావా అని అడిగింది.

మార్చి 5

మా మెట్లూ, పోస్ట్‌మాస్టర్‌గారి మెట్లూ వీధిలోకి దిగుతాయి, అంటే లేనట్టే. చివరి వాటా మెట్లు వెనక సందులోకి. ఆ వాటావాళ్ళు ఎప్పుడో ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఇక నీళ్ళకైనా రొట్టెకైనా నేను పోస్ట్‌మాస్టర్‌గారి వంటింట్లోంచే పోవాలి. మా ఆయన కరెంటాఫీసు డ్యూటీకని వెళ్ళి ఊరికి అటువైపు ఇరుక్కుపోయారు. ఫోన్ లేదు.

పోస్ట్‌మాస్టర్‌గారు రూల్ పెట్టారు. కన్నం దగ్గర ఆగాలి, ఎవరొచ్చారో చెప్పాలి, రమ్మన్నాకే రావాలి. రిటైరైనా కౌంటర్ పోలేదు మహానుభావుడికి. ఇన్నేళ్ళూ తలుపు ఓరగా తీసి మాట్లాడిన మనిషి. ఇప్పుడు ఆయన బనియన్లకి ఎన్ని చిరుగులో నాకు తెలుసు.

మార్చి 9

కాల్పులు ఆగాయి. రెండు వర్గాలూ ఒప్పుకున్నాయని రేడియోలో చెప్పారు.

పోస్ట్‌మాస్టర్‌గారు గంటసేపు కూడా ఆగలేదు. పడిపోయిన మేడల్లోంచి ఇటుకలు ఏరుకొచ్చారు. బాత్రూం రిపేరుకని దాచిన సగం బస్తా సిమెంటు తీశారు. మా వైపు కన్నం మూసేస్తున్నారు. మరి నీళ్ళెలాగండీ అంటే, కాల్పులాగాయిగా, మీ మెట్లు మీరు దిగండి అన్నారు. ఒళ్ళు మండిపోయింది. గోడకేం తొందరండీ, ఎక్కడికైనా పారిపోతుందా అన్నాను.

తాపీ ఆపకుండానే చెప్పారు. కన్నం ఉన్నంతకాలం ఇది ఇల్లు కాదమ్మా, వాళ్ళ రోడ్డు. మళ్ళీ మొదలైతే ఇందులోంచే వస్తారు. వాళ్ళని కొట్టాలంటే అవతలివాళ్ళు ఇంటినే కొడతారు.

ఆ మాటలో తప్పేమీ దొరకలేదు. అందుకే ఇంకా మండింది.

మార్చి 12

మళ్ళీ మొదలు. మెట్ల మధ్యలో బకెట్ వదిలేసి పైకి పాక్కుంటూ వచ్చాను. బకెట్‌కి చిల్లి పడింది. నాకు పడలేదు.

కిటికీ అద్దం పగిలి అత్తయ్య తొడలో దిగింది. ముక్క తీశాను. అంతా వచ్చిందో లేదో తెలీదు.

మార్చి 14, ఉదయం

అత్తయ్య ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. పుండు నల్లబడింది. సాయంత్రం వెనక సందులోకి అంబులెన్స్ వస్తుందని రేడియోలో చెప్పారు. సందుకి దారేది? గోడ అవతల.

ఏ మొహం పెట్టుకుని అడగను! అయినా గోడ మీద గుద్ది, అరిచి చెప్పాను. అవతల్నించి, ఎంత వెడల్పు కావాలమ్మా అని వినిపించింది. కుర్రాళ్ళు కొట్టింది వంగి దూరడానికి. పడుకున్న మనిషిని మోసుకెళ్ళాలంటే అది చాలదు. తలుపు రెక్క పట్టేంత అన్నాను.

అటువైపు నుంచి సుత్తి దెబ్బ పడింది.

మార్చి 15, ఆసుపత్రి

నిన్న చివరి వాటా కన్నం కూడా వెడల్పు చేసి, బాత్రూం తలుపు ఊడదీసి దానిమీద అత్తయ్యని పడుకోబెట్టాం. ఒక చివర నేను, ఒక చివర ఆయన. సందులోకి దిగేసరికి ఆయనకి రొప్పు. మీరూ ఎక్కండి బాబాయ్‌గారూ అన్నాను. ఆ వరస ఎప్పుడు కలిపానో నాకే తెలీదు. ఇంకో ట్రిప్పుందని డ్రైవర్ అన్నాడుగా, దానికొస్తాను అన్నారాయన. ఇంత కన్నం వదిలేసి ఎలా రమ్మంటావు, ఇప్పుడు వాళ్ళు వంగనక్కర్లేదు కూడా, నాలుగు వరసలు పేర్చేసి వస్తాను అన్నారు. చెయ్యి పట్టుకుని లాగాను. సిమెంటు దుమ్ము పట్టిన చెయ్యి, జారిపోయింది.

అత్తయ్యకి ఆపరేషన్ అయింది. ప్రాణానికి భయం లేదన్నారు. కాలు ఉంటుందట.

మార్చి 16

అంబులెన్స్ డ్రైవర్ కనిపించాడు. రెండో ట్రిప్పుకి వెళ్ళేసరికి కుర్రాళ్ళు మా మెట్లెక్కేశారట. అవతలివాళ్ళు ఫిరంగులతో కొట్టారట. నడిమి వాటా లేదన్నాడు. అందులో మనిషో అంటే తల అడ్డంగా ఊపాడు.

మార్చి 17

ఏడ్చాను. ఈ డైరీలో ఆయన గురించి ఒక్క మంచి మాట రాయలేదు. వెనక్కి తిప్పి చూశాను, నిజంగా ఒక్కటీ లేదు.

మార్చి 21

అత్తయ్యకి జ్వరం దిగింది. పోస్ట్‌మాస్టర్‌గారు గోడ కట్టేసుకున్నారా అని అడిగింది. కట్టేసుకున్నారన్నాను. మనవైపు సున్నం మనమే వేయించాలి, పాపం అన్నీ ఆయనే భరిస్తే ఏం బావుంటుంది అంది.

వేయిద్దాం అత్తయ్యా అన్నాను.