శనగచేలో దొరికిన కుండ

యోజ్‌గాత్, శుక్రవారం

అమ్మా, మూడో తరగతితో ఆగిన దాని రాత ఇంతే, తప్పులుంటే సర్దుకుని చదువు. మేము క్షేమం.

పెళ్లిలో నువ్వు తొడిగిన బంగారు గాజులు నీ దగ్గరే దాచానని నీ అల్లుడికి అబద్ధం చెప్పాను. నిధులు వెతికే మిషను కోసం అమ్మేస్తాడని భయపడి, కుండలో పెట్టి మా శనగచేలో పాతాను. నిన్న ఆయన ఆ మిషను అరువు తెచ్చాడు. అది సరిగ్గా అక్కడే మోగింది! తవ్వి, మూత తీసి మెరుపు చూశాడో లేదో, "అమ్మా, వెనకటి గ్రీకులు పాతిపెట్టి పోయిన బంగారం!" అని అత్తయ్యకు కేక పెట్టాడు.

అత్తయ్య వచ్చి, తొంగిచూసి, టక్కున మూత పెట్టేసింది. "ముట్టుకోకురా వెధవా! పుంజును కోయకుండా తాకితే, నిధిని కాసే జిన్ను భూతం బంగారాన్ని బొగ్గు చేసేస్తుంది." ఆయన్ని పుంజు కోసం, నన్ను నీళ్ల కోసం తరిమింది. పుంజును కోసి మూత తీస్తే, లోపలంతా బొగ్గులే!

"ముందే వేలు పెట్టి చచ్చావు కదరా!" అని అత్తయ్య తల బాదుకుంది. ఆయన కూలబడ్డాడు. జిన్నే ఎత్తుకుపోయిందని నేనూ కూలబడ్డాను.

వంటింట్లో అత్తయ్య మసి చేతులతో నా ఒళ్లో గాజులు పడేసింది. "నా గాజులు మీ మామ నిధుల కోసం తవ్విన గోతుల పాలు చేశాడే పిచ్చిదానా. నీవి పోనిస్తానా?"

ఈ కార్డు తెచ్చిన హాజర్ పిన్ని గోధుమరవ్వ సంచి కూడా ఇస్తుంది. గాజులు అడుగున ఉన్నాయి. నాన్న దగ్గు తగ్గిందా? ఎర్రమేక ఈనిందా? చెల్లికి ముద్దులు. నీ అల్లుడు అడిగితే, గాజులు పెళ్లినాటి నుంచీ నీ దగ్గరే ఉన్నాయని చెప్పు. చదవగానే ఈ ముక్కను పొయ్యిలో వెయ్యి. ఇదైనా నిజంగా బొగ్గవ్వాలి.

నీ గుల్సూమ్