స్టార్టర్ డబ్బాకు తాళం

ఇస్నాపూర్

అన్నకు, వదినెకు మీ చెల్లె రూతు వందనాలు.

దేవుని దయతోని మీరందరు మంచిగున్నరని తలుస్తున్న. పెద్దమ్మ మోకాళ్లు ఇప్పుడెట్లున్నయి? జెర తిరుగుతున్నదా, మంచం మీదనే ఉంటున్నదా? నేను బాగనే ఉన్న. నా గురించి ఫికర్ పెట్టుకోకుండ్రి. ఫోనుండంగ ఉత్తరమేందని నవ్వుతవేమో అన్నా. ఫోన్ల నేనేం చెప్పినా సరే సరే అని పెట్టేస్తవు. కాయితమైతె వదినె సదివి వినిపిస్తది, నువ్వు కూసొని ఇనాలె.

ఇక్కడ వానలు ఇడుస్తలేవు. మీ దిక్కు మబ్బులే గని చినుకు లేదంటున్నవు. బొల్లారం పోయే కంపెనీ బస్సు కోసం రోడ్డు మీద నిలబడితె లారీలు బురద కొట్టిపోతయి. వానకు మందుల ఫ్యాక్టరీల వాసన ఇంకింత కిందికి దిగుతది, రూముల ఆరేసిన బట్టలకు సుత అంటుకుంటది. డ్యూటీ దిగి వచ్చినంక వండబుద్ది కాదు. పొద్దటి అన్నంల ఇంత తొక్కు కలుపుకొని తిని పంటున్న. నాతోని రూముల ఉండే మంజులది వేరే షిఫ్టు, ఆమె వచ్చేటాల్లకు నేను పోత. పాణం యాష్టకొచ్చింది అన్నా. అయినా బాగనే ఉన్న, పరేషాన్ కాకు.

బికాస్ భాయ్ గురించి చెప్పిన గదా, ఒడిశా ఆయన, నాతోనే కరెంటు పని చేస్తడు. చెయ్యి కాలిందని ఫోన్ల చెప్పిన. ఎట్ల కాలిందో చెప్పలే. చెప్తె నాకు ఏడుపొస్తుండె.

మా కంపెనీల కరెంటు పంచే రూము గేటు కాడ ఉంటది. మురికినీళ్ల మోటార్ ఎనక గోడ కాడ. నడుమ అంత పొడుగు కేబుల్. మోటార్ కాడ బంద్ చేసే స్విచ్ లేకుండె. పెట్టాలని మా ఇంజనీర్ సారు రాసి పంపిండు, పైనుంచి సంతకం రాలే. మోటార్ ముట్టాలంటె గేటు దాక వచ్చి, స్విచ్ బంద్ చేసి, ఎవరి తాళం వాళ్లు ఏసుకొని, తాళం చెవి జేబుల పెట్టుకొని పోవాలె. ఎవరి తాళం వాళ్లే తీయాలె. సారు సుత ముట్టొద్దు.

ఆ రోజు ఆ మోటార్ ఆగిపోతె మేమిద్దరం బాగు చేయనీకి పోయినం. వాన పడుతుండె, డ్యూటీ దిగే టైమయింది. మళ్ల అంత దూరం ఎవరు నడుస్తరని బికాస్ భాయ్ మోటార్ కాడికెల్లే ఫోన్ చేసిండు. గేటు కాడి కరెంటు రూముల ఉన్న ఆయన బంద్ చేసి, 'బంద్ హై' అన్నడు. నిజంగనే బంద్ చేసిండు. గంతల షిఫ్టు మారింది. కొత్తగ వచ్చినాయన చూస్తె స్విచ్ బంద్ ఉంది, తాళం లేదు. అటు నీళ్లు పొంగుతున్నయని ఫోన్ల మీద ఫోన్లు. స్విచ్ ఏసిండు. ఆయన తప్పేముంది. నేను పానా కోసం షెడ్డుకు పోయిన. అరుపు ఇని ఉరికొచ్చేటాల్లకు బికాస్ భాయ్ బురదల పడి ఉండె. తాళం ఆయన జేబులనే ఉండె.

పాణం దక్కింది. కుడిచేత్తోని ముద్ద పట్టుకోలేడు. ఆదివారం చర్చి అయినంక పోయి చూసొస్తున్న. 'ఘర్ మే మత్ బోల్నా బెహెన్' అంటడు, ఇంట్ల తెల్వనిస్తలేడు. ఇప్పుడు మోటార్ కాడ ఎర్ర పిడి స్విచ్ పెట్టిండ్రు, తాళం ఏసే సందుతోని. ఆయన చెయ్యి కాలినంక సంతకం వచ్చింది. మస్తు కోపమొస్తది, గని ఎవరి మీద చూపాల్నో తెల్వదు.

గిట్లుండంగ పోయిన వారం నువ్వు నవ్వుకుంట ఫోన్ చేసినవు. బోరు కాడ తీగ జాయింటు కట్టుకుంట, మక్క చేన్ల వాలిన చిలుకలను తోలుదామని లేచి తువ్వాల ఊపినవంట. మోటార్ ఎయ్యుమంటున్నవనుకొని రోడ్డు కాడ వదినె స్టార్టర్ ఒత్తిందంట. చిలుకల కోసం లేచినవు గాబట్టి తీగ మీద నీ చెయ్యి లేకుండె. నువ్వు నవ్వినవు, ఎనక వదినె నవ్వింది. నాకు ఆ పూట అన్నం పోలే.

మన బోరు సుత గంతే దూరం గదా. రోడ్డు కాడి ట్రాన్స్‌ఫారం నుంచి పక్కోళ్ల చేను దాటి గెట్ల మీద తీగ పోతది. అంత దూరం పోయేటాల్లకు కరెంటు జోరు తగ్గుతది, అది సాలక మోటార్ ఇంకింత గుంజుతది, ఫ్యూజు కొట్టేస్తది. ఊకె కొట్టేస్తుందని నువ్వు ఫ్యూజుకు లావు తీగ చుట్టినవు. ఇగ అది కొట్టది. కని కొసకు లైను తీగ తెగి తడి మట్టిల పడ్డా సుత కొట్టది. అంత దూరంల జోరు తగ్గిన కరెంటు ఆ లావు తీగను కరిగించలేదు అన్నా. మనిషిని మాత్రం సంపుతది. లైన్‌మన్‌ను పిలిచి ఆ తీగ తీయించు, మోటారుకు సరిపోయే ఫ్యూజు ఏపియ్యి. బోరు కాడ సుత ఒక స్విచ్ డబ్బా పెట్టియ్యి. ఈసారి సరే సరే అనకు.

దీనితోని ఒక తాళం పంపుతున్న. దాని మీద ఎర్ర రంగుతోని నీ పేరు రాయించిన. బోరు కాడికి పోయేముందు మెయిన్ బంద్ చేసి, స్టార్టర్ డబ్బాకు ఇది ఎయ్యి. చెవి ఒక్కటే. మొలతాడుకు కట్టుకో. వదినె, నీకు సుత చెప్తున్న. ఆయన తువ్వాల ఊపినా, కేకేసినా, ఫోన్ చేసినా, తాళం ఉంటె ముట్టకు. ఆయనే నడిచొచ్చి తీస్తడు. నడిచొచ్చిండంటె మంచిగున్నట్టే గదా.

ఎవరన్న ఇటు వస్తె ఇంత జొన్నపిండి పంపుండ్రి, ఇక్కడిది రొట్టె సాగదు. పెద్దమ్మకు, పాస్టరయ్యకు నా వందనాలు చెప్పుండ్రి. ప్రార్థనల నా పేరుతోని బికాస్ భాయ్ పేరు సుత తలుచుకోండ్రి. ఆయన మనోళ్ల మతం కాదు, అయినా తలుచుకోండ్రి.

జవాబు రాయకున్నా ఏం కాదు అన్నా. డబ్బాకు తాళం ఏసి ఫోటో తీసి పంపు. నీ మొలతాడుకు చెవి ఉండాలె, జేబుల తాళం కాదు.

మీ చెల్లె
రూతు